చితికి అంటగట్టిన మహిమలు

ఒంటిమిట్ట కోదండరాముడి గుడి బాగు కోసం టెంకాయచిప్ప చేతబట్టి ఊరూరా బిచ్చమెత్తిన వావిలికొలను సుబ్బారావు, గుడిని నిలబెట్టిన భక్తుడిగానే చాలామందికి గుర్తు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసి, ‘మందరం’ పేరుతో దానికి పెద్ద వ్యాఖ్యానం రాసిన పండితుడు కూడా ఆయనే. ఆ రామాయణంలో చనిపోయినవాళ్ళను ఏం చేశారన్నది ఒక్కటే వెతుక్కుంటూ పోతే, మనం అనుకునేదానికి పొంతన లేని సంగతులు కనిపిస్తాయి. అరణ్యకాండలో రామలక్ష్మణులు విరాధుణ్ణి గుంత తవ్వి పూడుస్తారు. రాక్షసులకు అదే సనాతనమైన పద్ధతి అని చెప్పి, అలా చేయమని అడిగింది విరాధుడే. అదే కాండలో జటాయువుకు రాముడు తన చేతులతో చితి పేర్చి నిప్పు పెడతాడు. కబంధుణ్ణి గుంతలో వేసి కాలుస్తారు. రావణుడూ రాక్షసుడే, అయినా యుద్ధకాండలో అతనికి జరిగింది వేదోక్తమైన దహనం. ఇక దశరథుడి దేహం, భరతుడు మేనమామ ఇంటి నుంచి వచ్చేదాకా రోజుల తరబడి నూనె తొట్టిలో ఉంటుంది. ఇన్ని తీర్లు ఉన్న కథను ఇంటింటా పారాయణం చేసే మనమే, హిందువు పోతే కాల్చి తీరాలని, పొద్దుగూకక ముందే కాల్చాలని, కాలిస్తే అంతా బూడిదైపోతుందని, ఆ బూడిదతో మైలా రోగమూ నేరమూ కూడా మాసిపోతాయని నమ్ముతాం. వీటిలో ప్రతి మాటలోనూ కాస్త నిజం ఉంది, దాని మీద చాలా అతిశయం పేరుకుంది. అన్నిటికీ వేరు ఒకటే: నిప్పు దేన్నయినా పూర్తిగా ముగించేస్తుందన్న భ్రమ. నిప్పు చేసే పని పెద్దదే, కానీ దానికి హద్దులున్నాయి. ఆ హద్దులు ఎరగకపోవడం వల్ల ఇబ్బంది పడుతున్నది బతికున్నవాళ్ళు.

హిందువంటే దహనమే అన్న మాటను కాదనడానికి రాయలసీమను మించిన సాక్ష్యం అక్కర్లేదు. కడప జిల్లా శంఖవరంలో ఇనుపయుగపు సమాధి నుంచి జంతువు ఆకారంలో చేసిన మట్టి శవపేటిక దొరికింది. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ కాలంలో బండలు నిలబెట్టి కప్పిన సమాధులను తెలుగు పల్లెల్లో రాకాసి గుళ్ళు, పాండవుల గుళ్ళు అంటారు. తమ నేలలోనే పడుకున్న పూర్వీకులను జనం మరిచిపోయి, రాక్షసులకు అప్పగించేశారన్నమాట. వేదం సంగతికి వస్తే, ఋగ్వేదం పదో మండలంలో పదహారో సూక్తం దహనానికి చెందినది. రెండు సూక్తాలు దాటితే మట్టిలో పెట్టే సందర్భపు మంత్రాలున్నాయి. అగ్నిలో కాలిన పితరులనూ కాలని పితరులనూ పదిహేనో సూక్తం ఒక్కచోటే పిలుస్తుంది. మనుస్మృతి రెండేళ్ళ లోపు బిడ్డను కాల్చమనదు, ఊరి బయట పూడ్చమంటుంది. అగ్నికార్యాలు వదిలేసిన సన్యాసికి దహనం లేదు. కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం జీవసమాధి చెందారని భక్తుల నమ్మకం, ఆ మఠమే అక్కడ ఊరైంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి 1671లో ప్రవేశించిన బృందావనం నేటికీ పూజలందుకుంటోంది. మొన్నమొన్న, 2011 ఏప్రిల్ 24న కన్నుమూసిన సత్యసాయిబాబాను 27న పుట్టపర్తిలో, ఆయన భక్తులకు దర్శనమిచ్చిన మందిరంలోనే, ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు. లక్షల మంది హిందువులు ఆ కార్యక్రమాన్ని చూశారు, ఇదేం ఆచారమని ఎవరూ అడగలేదు.

ఇవన్నీ యోగులకూ గురువులకూ ఇచ్చిన మినహాయింపులని, సంసారులకు మాత్రం చితే విధి అని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదం నిలవదు. వీరశైవులు సంసారులే. తరతరాలుగా తమవాళ్ళను కూర్చున్న భంగిమలో, లింగంతోనే పూడుస్తున్నారు. విశ్వబ్రాహ్మణుల్లోనూ పూడ్చే ఇళ్ళు ఎక్కువ. సీమలో సేద్యం చేసుకునే కులాల్లో, దళితవాడల్లో మట్టి చేయడమే వాడుకగా ఉన్న కుటుంబాలకు లెక్క లేదు. బావి గట్టునో చేని గెనెం పక్కనో సున్నం కొట్టిన సమాధి లేని పల్లె కడప, కర్నూలు జిల్లాల్లో అరుదు. కట్టె దొరకని కరువు నేల కాబట్టి ఇలా చేశారని తేల్చేస్తే సులువుగా ఉంటుంది గానీ, అది సగం వివరణే. ఒంటిమిట్ట చుట్టూ పాలకొండలు, లంకమల, శేషాచలం అడవులుండగా ఈ దాపున పూడ్చే కులాలు ఎందుకున్నట్టు? ఒకే ఊళ్ళో ఒక వీధి కాలుస్తుంది, పక్క వీధి పూడుస్తుంది. తేడా కులానిది, శాఖది, ఇంటి వాడుకది. ఒక్కోసారి ఒకే ఇంట్లో పెద్దాయనను కాల్చి, చంటిబిడ్డను పూడుస్తారు. దీన్ని గందరగోళం అనేకన్నా ఆచారం ఎప్పుడూ ఇలాగే ఉండేదని ఒప్పుకోవడం నిజాయితీ. పైగా ఇది మనకే ప్రత్యేకమైన పద్ధతి కూడా కాదు. ప్రపంచంలో దహనం వాటా అత్యధికంగా ఉన్న దేశాల్లో ముందుండేది జపాన్, అక్కడ దాదాపు అందరినీ కాలుస్తారు. బ్రిటన్‌లో 1884లో విలియం ప్రైస్ అనే వైద్యుడు చనిపోయిన తన పసికందును కాల్చబోతే కేసు పెట్టారు. ఎవరికీ ఇబ్బంది కలిగించనంత వరకు దహనం నేరం కాదని కార్డిఫ్ కోర్టు తేల్చింది, 1902లో చట్టమే వచ్చింది. నేడక్కడ నలుగురిలో ముగ్గురికి పైగా దహనమే. కాథలిక్ చర్చి 1963లో నిషేధం సడలించింది. నిప్పు ఏ ఒక్క మతానికీ సొత్తు కాదు, ఏ ఒక్క మతానికీ ఏకైక దారి కాదు.

ఇక కాలడం గురించి. దేహం మొత్తం బూడిదవుతుందని అనుకుంటాం. అవదు. మనిషి బరువులో సగానికి పైగా నీళ్ళు, అవి ముందు ఆవిరవుతాయి. కండ, కొవ్వు, చర్మం కాలి వాయువులై పోతాయి. ఎముకలో మూడింట రెండు వంతుల బరువు ఖనిజానిది, ముఖ్యంగా కాల్షియం ఫాస్ఫేట్. అది ఏ చితిలోనూ కాలిపోదు. వేడి పెరిగేకొద్దీ ఎముక ముందు నల్లబడి, తర్వాత బూడిదరంగుకు తిరిగి, ఎనిమిది వందల డిగ్రీలు దాటాక తెల్లని పెళుసు ముక్కలుగా మిగులుతుంది. పెద్దవాళ్ళకైతే ఆ మిగిలేది రెండు మూడు కిలోలుంటుంది. చితి దగ్గర కుప్పగా కనిపించే బూడిదలో చాలా భాగం కట్టెలదే. పాశ్చాత్య దేశాల్లో బంధువుల చేతికిచ్చే నున్నటి పొడి కూడా నిప్పు చేసినది కాదు, మిగిలిన ఎముకలను యంత్రంలో వేసి పొడి చేసి ఇస్తారు. మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే చితి ఆరాక సంచయనం అనే కర్మ పెట్టి, పాలూ నీళ్ళూ చల్లి, ఎముకలు ఏరి కుండలో పెట్టమన్నారు. జపాన్‌లో బంధువులు పుల్లలతో ఎముకలు ఏరి కలశంలో వేస్తారు. అత్తిరాల దగ్గర చెయ్యేటికో, పుష్పగిరి దగ్గర పెన్నకో, ఓపిక ఉంటే కాశీకో మోసుకుపోయేది అస్థికలనే గదా. కర్మకాండకు తెలిసిన శరీరశాస్త్రం కర్మ చేసేవాడు మరిచిపోయాడు. ఆ అస్థికలతో నది పాడవుతుందనే మరో భయం ఉంది. నీళ్ళలో అంత తేలిగ్గా కరగని ఖనిజం వల్ల ఏటికి వచ్చే ముప్పు స్వల్పం. వాటితోపాటు వదిలే ప్లాస్టిక్ సంచులు, పూలదండల దారాలు, దుప్పట్లు, వానలో సగం కాలి మిగిలినవి, ఇవే అసలు చెత్త.

శవం చితి మీద లేచి కూర్చుంటుందనే మాట పుట్టింది కూడా కంటికి కనబడే ఒక నిజం నుంచే. వేడికి కండరాలు ముడుచుకుంటాయి. చేతులను, కాళ్ళను మడిచే కండరాలు చాచే కండరాలకన్నా బలమైనవి కాబట్టి మోచేతులు వంగి, పిడికిళ్ళు బిగిసి, మల్లయోధుడు తలపడడానికి నిలబడ్డట్టు దేహం ముడుచుకుంటుంది. చితిలో కట్టె జారితే నడుమూ కాస్త కదులుతుంది. కాటి పని చేసేవాళ్ళు పెద్ద మొద్దులను ఛాతీ మీద, తొడల మీద పేర్చడం అందుకే, దయ్యం భయంతో కాదు. కపాలం ఢామ్మని పేలితేనే మోక్షమన్న నమ్మకమూ ఉంది. మెదడులోని నీరు ఆవిరై పుర్రెను బద్దలు కొడుతుందని దీనికి శాస్త్రం పేరుతో ఒక వివరణ కూడా తగిలించారు. అమెరికాలో ఫోరెన్సిక్ పరిశోధకులు దానం వచ్చిన దేహాలను కాల్చి గమనిస్తే, ముందే దెబ్బ తగలని పుర్రె పేలలేదు. ఎండిన చెరువు మట్టిలా పైపొర నెర్రెలిచ్చి, ముక్కలై ఊడింది, అంతే. చితి నుంచి వినిపించే చప్పుళ్ళలో ఎక్కువ పచ్చి కట్టెవే. పుర్రె తనంతట తాను పేలేదైతే, ఉత్తరాదిలో వెదురు కర్రతో దాన్ని కొట్టే కపాలక్రియ అనే తంతు అవసరమే ఉండేది కాదు.

అపోహలు భక్తులవే అనుకుంటే పొరపాటు, హేతువాదులకూ తమ వంతు ఉన్నాయి. శ్మశానంలో రాత్రిపూట కనిపించే కొరివిదయ్యాలు ఎముకల్లోని భాస్వరం మండడం వల్ల వచ్చే మంటలని పాపులర్ సైన్స్ పుస్తకాలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. ఎముకల్లో ఉన్నది భాస్వరం కాదు, ఫాస్ఫేట్, అంటే ఆక్సిజన్‌తో కలవాల్సినంతా కలిసిపోయిన పదార్థం. అది మండదు, రాత్రి వెలగదు. దయ్యాన్ని కాదనడానికి కెమిస్ట్రీని తప్పుగా చెప్పడం అవసరమా?

కరెంటు దహనవాటిక అంటే దేహానికి కరెంటు పెడతారని జంకేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ జరిగేది మనిషికి విద్యుత్తు తగలడం కాదు. వేడిని తట్టుకునే ఇటుకలతో కట్టిన గదిలో తీగచుట్టలు ఎర్రగా కాగుతాయి, ఆ సెగకు దేహం కాలుతుంది. గ్యాస్‌తో నడిచే చోట బర్నర్లుంటాయి. ఎనిమిది వందల నుంచి వెయ్యి డిగ్రీల దాకా వేడిలో గంట, గంటన్నరలో పని ముగుస్తుంది. ఒకసారికి ఒకరినే పెడతారు, మిగిలినది ఊడ్చి తీశాకే మరొకరు. పక్కవాడి అస్థికలు మనకొచ్చాయేమోనన్న అనుమానానికి గది మూలల్లో మిగిలే చిటికెడు దుమ్మును మించిన ఆధారం లేదు. నిజంగా జాగ్రత్తపడాల్సిన విషయం ఒకటుంది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. గుండెకు పేస్‌మేకర్ అమర్చిన మనిషిని దాన్ని తీయకుండా లోపల పెడితే బ్యాటరీ పేలుతుంది. 2002లో వెలువడిన ఒక సర్వేలో బ్రిటన్ దహనవాటికల్లో దాదాపు సగం అలాంటి పేలుళ్ళు చూశామని చెప్పాయి. లేచి కూర్చునే శవం గురించి నలుగురు చెప్పుకునే చోట, ఈ మాట ఆస్పత్రిలోనే చెప్పేవాళ్ళు ఒక్కరుంటే బాగుండు.

నిప్పు మహిమ మీద నమ్మకం ఎంత దూరం పోగలదో 2020 చూపించింది. కోవిడ్ మృతుల విషయంలో కేంద్ర ఆరోగ్యశాఖ ఆ ఏడాది మార్చి 15నే మార్గదర్శకాలు ఇచ్చింది. చితాభస్మం వల్ల ఏ ప్రమాదమూ లేదని, కర్మకోసం తీసుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. అయినా ఏప్రిల్ 13న కోవిడ్‌తో చెన్నైలో కన్నుమూసిన నెల్లూరు వైద్యుడొకరి దేహాన్ని అంబత్తూరు దహనవాటికకు తీసుకెళితే, స్థానికులు అడ్డం తిరిగారు. చివరకు మరో చోట దహనం చేయాల్సి వచ్చింది. కాలిస్తే పొగలో రోగం వస్తుందని అక్కడి భయం. సరిగ్గా దానికి తలకిందులుగా, పూడిస్తేనే రోగం పాకుతుందని మరికొందరి భయం. మార్చి 30న ముంబై నగరపాలక సంస్థ మతంతో పనిలేకుండా కోవిడ్ మృతులందరినీ కాల్చాలని ఉత్తర్వు ఇచ్చి, ఆ రోజే వెనక్కు తీసుకుంది. శ్రీలంక ప్రభుత్వం 2020 ఏప్రిల్ నుంచి 2021 ఫిబ్రవరి దాకా ముస్లింల గోడు వినకుండా దహనాన్ని తప్పనిసరి చేసింది. జాగ్రత్తలు పాటిస్తే ఖననమైనా దహనమైనా ఒకటేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆనాడే చెప్పింది. ఒకే వైరస్‌కు ఒకచోట కాల్చొద్దని, ఒకచోట కాల్చి తీరాలని అన్నారంటే, ఆ రెండిటి వెనకా ఉన్నది వైద్యం కాదని తెలియడం లేదా?

ప్రకృతి విపత్తుల్లోనూ ఇదే జరుగుతుంది. శవాల వల్ల అంటురోగాలు ప్రబలుతాయని హడావిడిగా సామూహిక దహనాలు చేసిన సందర్భాలు ప్రపంచమంతా ఉన్నాయి. గాయాలతోనో నీట మునిగో పోయినవాళ్ళ దేహాలు అలాంటి ముప్పు తేవని, బతికున్నవాళ్ళకు మంచినీళ్ళు, మరుగుదొడ్లు లేకపోవడమే రోగాలకు కారణమని ఆరోగ్య సంస్థలు పదేపదే హెచ్చరించాయి. తొందరపడి కాల్చేస్తే పోయినదెవరో తేలదు. పోయినదెవరో తేలకపోతే కుటుంబానికి మరణ ధ్రువపత్రం, పరిహారం, చివరకు ఏడ్చే హక్కు కూడా సరిగా దక్కవు. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పల్లెల మీద పడ్డప్పుడు, ఒంటిమిట్టకు ఎగువన రాజంపేట దాపు ఊళ్ళలో గల్లంతైనవాళ్ళ కోసం ఇసుకలో వెతికిన ఇళ్ళవాళ్ళకు ఈ సంగతి వివరించాల్సిన పని లేదు. దేహం దొరకనివాళ్ళకు శాస్త్రకారులు మోదుగాకులతో ఆకారం పేర్చి దహనం చేయమన్నారు. దేహమే లేకపోయినా కర్మ ఆగనక్కర్లేదని వాళ్ళే ఒప్పుకున్నాక, దేహాన్ని ఫలానా గంటలోపు కాల్చకపోతే ఆత్మకు గతి లేదనడం ఎలా కుదురుతుంది? కొడుకు అమెరికా నుంచి దిగేదాకా ఫ్రీజర్ పెట్టెలో ఉంచడం కలికాలపు వింత అని సణిగేవాళ్ళు దశరథుడి నూనె తొట్టిని ఒకసారి తలుచుకోవచ్చు. కూతురు తలకొరివి పెట్టకూడదన్నదీ ఇలాంటిదే. కొడుకు లేనప్పుడు ఎవరెవరు చేయవచ్చో ధర్మశాస్త్ర నిబంధకారులు రాసిన వరుసల్లో భార్య, కూతురు ఉన్నారు. చట్టంలో అడ్డమేమీ లేదు. 2018 ఆగస్టు 17న వాజపేయి చితికి ఆయన పెంపుడు కూతురు నిప్పు పెట్టడం దేశమంతా చూసింది.

కాలిస్తే సాక్ష్యం మిగలదన్న నమ్మకం వీటన్నిటిలో ప్రమాదకరమైనది, ఎందుకంటే దాన్ని నమ్మి పని చేసేవాళ్ళున్నారు. అనుమానాస్పదంగా కోడలు పోయిన ఇంట్లో, పరువు పోయిందని కూతుర్ని చంపిన ఇంట్లో తెల్లవారేసరికి చితి ఆరిపోయి ఉండడానికి కారణం ఇదే. నిజమే, తీవ్రమైన వేడికి డీఎన్‌ఏ నిలవదు, మెత్తని కణజాలంలోని గాయాలు పోతాయి. పూడ్చిన దేహాన్నయితే మేజిస్ట్రేటు ఉత్తర్వుతో తవ్వి తీసి పరీక్షించవచ్చు, కాల్చినదానికి ఆ వీలు లేదు. కానీ కాలిన ఎముక మౌనంగా ఉండదు. దెబ్బ వల్ల వచ్చిన పగులుకూ సెగ వల్ల వచ్చిన నెర్రెకూ తేడాను నిపుణులు చెప్పగలరు. వయసు, కొన్నిసార్లు ఆడా మగా అన్నదీ తేలుతుంది. సరిగా కాలని చోట పళ్ళ లోపల డీఎన్‌ఏ దొరకవచ్చు. తూటా, పళ్ళకు వేసిన తొడుగు, కాలులో వేసిన ప్లేటు మిగులుతాయి. అన్నిటికన్నా ముందు, నేరాన్ని దాచడానికి కాల్చడమే భారతీయ న్యాయ సంహిత 238 ప్రకారం వేరే నేరం. ఊరి పెద్దలు ‘పోయినవాళ్ళు పోయారు, పరువు దక్కనీయండి’ అని చితికి తొందరపెట్టేటప్పుడు ఈ సెక్షన్ తమకూ వర్తించవచ్చని ఎవరైనా గుర్తుచేయాలి.

ఇంత చెప్పాక దహనాన్ని సమర్థించేవాళ్ళకు ఒక బలమైన వాదం మిగిలే ఉంది: నేల చాలదు, పూడిస్తే నీళ్ళు పాడవుతాయి, కాబట్టి అందరూ కాల్చడమే పర్యావరణానికి మేలు. నేల మాట కొట్టిపారేయలేనిది. భాగాలు పంచుకునేటప్పుడు, చేను అమ్మేటప్పుడు సమాధులు తగాదా అవుతాయి, పట్టణాల్లో శ్మశానాలు నిండిపోతున్నాయి. నీళ్ళ మాటలో సగం పస ఉంది. నీటిమట్టం పైపైన ఉండే ఏటి ఇసుకలో పూడిస్తే ముప్పే, పెన్నా ఒడ్డు ఊళ్ళు తాగేది ఆ ఇసుకలోని ఊటనే. మిట్టనేలలో, బావులకు దూరంగా, తగినంత లోతున పూడిస్తే ఆ ముప్పు దాదాపు ఉండదు. ఇటువైపు చితి ఖర్చు ఎవరూ లెక్కగట్టరు. మామూలు చితికి నాలుగైదు వందల కిలోల కట్టె పడుతుంది. ఎర్రచందనం కొండల కింద బతుకుతూ కూడా పేదవాడు మొద్దులు కొనే తెచ్చుకోవాలి, వానాకాలమైతే కిరోసినో టైర్లో కలపాలి. ఆ పొగ ఎవరికి మేలు? ఢిల్లీలోని మోక్షద సంస్థ గాలి ఆడే ఇనుప చట్రం, పైన పొగగొట్టం పెట్టి కట్టెను నూటయాభై, రెండు వందల కిలోలకు తగ్గించగలిగింది. గంగా కార్యాచరణ ప్రణాళిక కింద 1986 తర్వాత కట్టిన కరెంటు దహనవాటికలు చాలాచోట్ల సరఫరా లేకో మరమ్మతు లేకో మూలపడ్డాయి. గ్యాస్‌తో కాల్చినా ఇంధనం ఖర్చే, పళ్ళలో నింపిన పాదరసం గాలిలో కలుస్తుందని ఐరోపా దేశాలు వడపోతలు పెట్టుకున్నాయి. అంటే నిప్పు పవిత్రం కాబట్టి పర్యావరణానికీ పవిత్రమే అనుకోవడం మరో మహిమను అంటగట్టడమే. ఏది మేలు అన్నది నేలను బట్టి, నీటిని బట్టి, కట్టెను బట్టి ఊరూరికీ మారుతుంది.

పట్టణాల్లో శ్మశానాల బాధ్యత రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు ప్రకారం పురపాలక సంస్థలది, పల్లెల్లో ఆ పని పంచాయతీల మీద పడుతుంది. తెలంగాణ 2019 నుంచి పల్లె ప్రగతి కింద ఊరూరా వైకుంఠధామాలు కట్టింది. ప్లాన్‌లో మధ్యన దహన వేదికలు, పక్కన స్నానపు గదులు ఉంటాయి. సీమలో అలాంటివి కట్టేటప్పుడు ఆ నమూనాను ఉన్నదున్నట్టు దించితే, ఊళ్ళో సగం మందికి అక్కరకు రాదు. పూడ్చేవాళ్ళకు కావలసింది సిమెంటు అరుగు కాదు: గట్టు మీద నేల, దానికి దారి, ఏడాదికి ఎన్ని గుంతలు పడతాయన్న లెక్క, పాతికేళ్ళ తర్వాత అదే చోట మళ్ళీ తవ్వవచ్చా లేదా అన్న నిర్ణయం. హిందువులు కాలుస్తారు, మిగతావాళ్ళు పూడుస్తారు అనే కాగితం లెక్కతో స్థలం పంచితే మొదట నష్టపోయేది దళితవాడ. అక్కడ హిందువైనా క్రైస్తవుడైనా పూడ్చేవాడే, చాలాచోట్ల అతని శ్మశానం వంక పోరంబోకులోనే ఉంది. నిధుల కోసం తీర్మానం రాసే ముందు గత అయిదేళ్ళలో ఊళ్ళో ఎందరిని కాల్చారో, ఎందరిని పూడ్చారో, ఏ వాడవాళ్ళు ఎక్కడ పూడ్చారో పంచాయతీ రాసుకుంటే చాలు. మరణాల రిజిస్టరు ఎలాగూ ఉంది, దాని పక్కన ఒక గడి గీయాలి.